లేదనని దాత

ఆర్, నిన్ను మనసారా పొగడాలని చాలాకాలంగా ఉంది. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ యూనివర్సిటీలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనే ఇద్దరు అధ్యాపకులు 1990ల మొదట్లో స్టాటిస్టిక్స్ లెక్కల కోసం ఒక కంప్యూటర్ భాషగా నీకు ప్రాణం పోశారు. ఇద్దరి పేర్లకూ మొదట ఉన్న అక్షరమే నీ పేరయింది. 1995లో నిన్ను లోకానికి ధారపోశారు. ఎవరైనా తీసుకోవచ్చు, లోపల ఏముందో విప్పి చూడవచ్చు, మార్చుకోవచ్చు అన్నారు. 2000 ఫిబ్రవరి 29న 1.0.0 వెర్షన్‌గా బయటికి వచ్చావు. ఆనాటి నుంచి ఈనాటి వరకూ ఎవరినీ పైసా అడగలేదు. లైసెన్సు కొనే స్తోమత లేని డిగ్రీ కాలేజీ ల్యాబులో, పాత కంప్యూటర్ మీద ఏ సగటు తీస్తావో, మందుల కంపెనీ సర్వర్ మీదా అదే సగటు తీస్తావు. పల్లెటూరి పిల్లకీ పట్నం ప్రొఫెసరుకీ నీ దగ్గర ఒకటే పీట. స్టాటిస్టిక్స్ చదివిన మా పిల్లల్లో ఎందరికో అన్నం పెట్టిన చెయ్యి నీది.

నీ సుగుణాలన్నిటిలోకీ దాతృత్వం గొప్పది. నీ గుమ్మం తొక్కినవాణ్ణి వట్టి చేతులతో పంపవు. సరిగ్గా అడిగినవాడికి ఇస్తావు, తప్పుగా అడిగినవాడికీ ఇస్తావు, తానేం అడుగుతున్నాడో తనకే తెలియనివాడికీ అంతే వేగంగా ఇస్తావు. కవచకుండలాలు అడగడానికి వచ్చేవాడు ఇంద్రుడని సూర్యుడు కర్ణుడికి ముందే చెప్పాడు. కర్ణుడు తెలిసి ఇచ్చాడు. వచ్చినవాడు ఎవరో, అడిగింది ఏమిటో, ఇస్తే ఏమవుతుందో విచారించకుండా ఇచ్చేది నువ్వొక్కదానివే.

ఒక చిన్న జాబితా తీసుకుంటాను. పదో తరగతి లెక్కల పేపరు, ఐదుగురు పిల్లలు. నలుగురి మార్కులు వరసగా 100, 9, 35, 78. ఐదో పిల్లవాడు పరీక్షకు రాలేదు కాబట్టి షీటు నింపినవాళ్ళు ఆ గడిలో ‘ఏబీ’ అని ఇంగ్లీషు అక్షరాలు రెండు కొట్టారు. ఇందులో వాళ్ళ తప్పేమీ లేదు, బళ్ళలో అలాగే రాస్తారు. పాసు మార్కు 35. ఫైలు నీకు ఇచ్చి, 35 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వచ్చినవాళ్ళు ఎవరో చెప్పమని అడిగితే నువ్వు తడుముకోవు. కనురెప్ప వేసేలోగా ఐదు జవాబులు వరసగా ఇస్తావు.

నీ లెక్కలో 9 వచ్చిన పిల్లవాడు పాసయ్యాడు. 35, 78 పాసయ్యాయి. పరీక్షకే రాని పిల్లవాడు పాసయ్యాడు. ఐదుగురిలో తప్పింది ఒక్కడే, నూటికి నూరు తెచ్చుకున్నవాడు.

ఇందులో నువ్వు నీ నియమం తప్పింది ఎక్కడా లేదు. ఒక కాలమ్‌లో ఉన్నవన్నీ ఒకే జాతివి కావాలి. ‘ఏబీ’ ఎలా చూసినా అంకె కాదు కనుక, ఆ ఒక్క గడిని నొప్పించకుండా, మిగిలిన నాలుగింటినీ అక్షరాలుగా మార్చావు. అప్పుడు నా చేతిలోని 35 ఒంటరిగా అంకెగా మిగిలింది. దాన్నీ అక్షరాల్లోకి మార్చావు. ఇక నిఘంటువులో మాటలు చూసినట్టు మొదటి అక్షరం నుంచి పోల్చావు. 100లో మొదటిది 1, 35లో మొదటిది 3. ఒకటి మూడుకన్నా ముందు వస్తుంది కనుక 100 చిన్నది. తొమ్మిది మూడు తర్వాత వస్తుంది కనుక 9 పెద్దది. ఇంగ్లీషు అక్షరాలు అంకెలన్నిటి తర్వాత వస్తాయి కనుక ‘ఏబీ’ అందరికన్నా పెద్దది. ఎవరినీ కష్టపెట్టకుండా, రెండు వైపుల వాళ్ళకూ రాజీ కుదిర్చి, తీర్పు చెప్పావు. ఒక్క ఎర్రర్ లేదు, ఒక్క వార్నింగ్ లేదు.

2020 ఏప్రిల్‌లో 4.0.0 రాకముందు నీ మర్యాద ఇంకా ఎక్కువగా ఉండేది. అక్షరాలు కనిపించిన ప్రతి కాలమ్‌నూ అడగకుండానే ఫ్యాక్టర్‌గా మార్చి పెట్టేదానివి. ఫ్యాక్టర్ అంటే పైకి పేర్లు, లోపల వరస నంబర్లు. ఆడ, మగ అనో, జిల్లా పేర్లనో ఉన్న కాలమ్‌కు అది చక్కటి ఏర్పాటు. మోడల్ కట్టేటప్పుడు చాలా శ్రమ తప్పిస్తుంది. మన మార్కుల జాబితాకూ అదే మర్యాద చేసేదానివి. విలువలన్నిటినీ అక్షరక్రమంలో పేర్చి 100కి ఒకటి, 35కి రెండు, 78కి మూడు, 9కి నాలుగు, ‘ఏబీ’కి ఐదు అని లోపల నంబర్లు వేసేదానివి. తర్వాత ఏ విద్యార్థో ఆ కాలమ్ అంకెల్లో కావాలని అడిగితే, మార్కులు దాచి, నంబర్లు చేతిలో పెట్టేదానివి. నూరు వచ్చినవాడికి 1. రానివాడికి 5, తరగతి ఫస్టు. సగటు అడిగితే 3 అనేదానివి. పరీక్ష రాసిన నలుగురి అసలు సగటు 55.5. ఈ 3ని చూసినవాడు ఏదో తేడా ఉందని పట్టుకుంటాడేమో. కానీ విలువలు ఒకటి నుంచి పది లోపే ఉండే కాలమ్‌లో, రోగి నొప్పిని పదికి ఎంత అని అడిగి రాసుకున్న కాలమ్‌లో, ఇదే జరిగితే ఎవరికీ కనిపించదు. పదికి రెండు, రెండుకు మూడు రాలుతుంది, చూడడానికి అంతా సబబుగానే ఉంటుంది.

నీ దగ్గర కొత్తగా చేరిన పిల్లలు మొదట చేసే చిన్న చిన్న పరీక్షల్లోనూ నీ ఔదార్యం బయటపడుతుంది. 85, 40, 10 ఇచ్చి మొత్తం ఎంత అంటే 135 అంటావు. అన్నిటికన్నా పెద్దది ఏది అంటే 85 అంటావు. చిన్నది 10 అంటావు. మూడూ సరైనవే కనుక పిల్లకు నీ మీద నమ్మకం కుదురుతుంది. అదే ఊపులో అవే మూడంకెలు అదే పద్ధతిలో రాసి సగటు అడుగుతుంది. 85 అంటావు. అసలు సగటు 45. సగటు తీసే నీ ఫంక్షన్ మొదటి అంకెను మాత్రమే డేటాగా తీసుకుంటుంది. రెండో అంకెను, రెండు చివర్ల నుంచీ ఎంత భాగం కత్తిరించాలో చెప్పే ఆజ్ఞగా చదువుకుంటుంది. మూడో అంకెను, ఖాళీలను వదిలేయమంటారా అన్న ప్రశ్నకు జవాబుగా తీసుకుంటుంది. కత్తిరించాల్సిన భాగం సగానికి మించకూడదు. పిల్ల ఇచ్చింది 40. ఇదేమి భాగమమ్మా అని నువ్వు అడగవు. సగానికి మించింది కనుక మధ్యమం ఇస్తే సరిపోతుందని, ఉన్న ఒక్క అంకెకూ మధ్యమం తీసి, 85 చేతిలో పెడతావు. ఇంత లోతుగా ఆలోచించి ఇచ్చిన తప్పు జవాబు ఇంకెక్కడా దొరకదు. మూడంకెలనూ ముందు ఒక వెక్టర్‌గా కట్టి ఇవ్వాలని తెలిసినవాళ్ళకు ఇదొక చిన్న విషయం. తెలియని పిల్లకు, మొత్తం దగ్గరా పెద్దది దగ్గరా పనిచేసిన మర్యాద సగటు దగ్గర ఎందుకు మారిందో చెప్పేవాళ్ళు ఉండరు.

తేదీల దగ్గర నీ ఉదారత శతాబ్దాలు దాటుతుంది. మనం తేదీ రాసేది రోజు, నెల, సంవత్సరం వరసలో. 15/08/1947 అని రాసి, దీన్ని తేదీగా మార్చమని వివరం ఏమీ చెప్పకుండా ఇస్తే, నువ్వు సంవత్సరం ముందుంటుందన్న నీ అలవాటు ప్రకారం చదువుతావు. 15ను సంవత్సరం అనుకుంటావు. 08 నెల. తర్వాతి 1947లో మొదటి రెండంకెలు తీసుకుని రోజు 19 అంటావు. మిగిలిపోయిన 47ను మాట్లాడకుండా పక్కన పెడతావు. స్వాతంత్ర్యం క్రీస్తుశకం 15వ సంవత్సరం ఆగస్టు 19న వచ్చిందని, శాతవాహనుల కాలానికి జెండాను మోసుకెళ్తావు. 26/01/1950 ఇస్తే గణతంత్రం 26వ సంవత్సరం జనవరి 19న వస్తుంది. రెండిటి మధ్య ఎడం రెండున్నరేళ్ళ లోపే కాగా, నీ లెక్కలో పదేళ్ళు దాటుతుంది. తేదీ రూపం అసలు అర్థం కానప్పుడు, ఇది సందేహం లేని ప్రామాణిక రూపంలో లేదని ఎర్రర్ ఇచ్చే మాట నీకు వచ్చు. ఇక్కడ ఆ మాట అనవు, ఎందుకంటే నీకు సందేహమే కలగలేదు. రోగుల పుట్టిన తేదీలున్న ఫైలులో మనిషి రెండువేల ఏళ్ళ వయసుతో కనిపిస్తే ఎవరైనా ఆగుతారు. కానీ రెండు తేదీల మధ్య రోజుల సంఖ్య మాత్రమే చివరి పట్టికలోకి వెళ్ళే చోట, సంవత్సరాన్ని చూసే కన్ను ఉండదు.

నీ అక్షరక్రమ భక్తిని చెప్పకుండా ఉండలేను. నెలల పేర్లను ఇంగ్లీషులో మూడక్షరాలుగా ఇస్తే మొదట ఏప్రిల్‌ను కూర్చోబెడతావు. మన ఆర్థిక సంవత్సరం మొదలయ్యేది ఏప్రిల్‌తోనే కనుక గ్రాఫు చూసినవాడికి అంతా క్రమంగా ఉందనిపిస్తుంది. రెండోది ఆగస్టు, మూడోది డిసెంబరు అని కింద చదివితే గానీ తెలియదు. గ్రాఫులో గీత ఎగుడుదిగుడుగా ఉంటే మార్కెట్ అలా ఉంది కాబోలు అనుకుంటారు. మందు పరీక్షల్లో ఇది ఇంకా గంభీరమైన సంగతి. ఒక గుంపుకు ‘డ్రగ్’ అని, ఇంకో గుంపుకు ‘ప్లసీబో’ అని పేరు పెడితే, ఇంగ్లీషు వర్ణమాలలో ముందు వచ్చే డ్రగ్‌నే నువ్వు ప్రమాణంగా తీసుకుని, ప్లసీబోతో తేడా చెబుతావు. అదే డేటాను శాస్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో జీఎల్ఎం ప్రొసీజర్‌కు ఇస్తే అది చివరిదాన్ని ప్రమాణంగా తీసుకుంటుంది. రక్తపోటు ఎనిమిది పాయింట్లు తగ్గించిన మందు ఒకచోట మైనస్ ఎనిమిదిగా, ఇంకోచోట ప్లస్ ఎనిమిదిగా కనిపిస్తుంది. రెండూ నిజమే. ఏది దేనితో పోల్చినదో పక్కనే రాసి ఉంటుంది, చదివేవాడు చదవాలి.

నీ పంపకం చూసి నేర్చుకోవలసింది కూడా ఉంది. ఒక వైపు పన్నెండు నెలల అమ్మకాలు, ఇంకో వైపు నాలుగు త్రైమాసికాల లక్ష్యాలు ఇచ్చి మొదటిదాన్ని రెండోదానితో భాగించమంటే, నువ్వు పొడుగు చాలలేదని వెనక్కి పంపవు. నాలుగింటినీ మళ్ళీ మళ్ళీ తిప్పి పన్నెండు చేస్తావు. జనవరిని మొదటి త్రైమాసికంతో, ఫిబ్రవరిని రెండోదానితో, మార్చిని మూడోదానితో, ఏప్రిల్‌ను నాలుగోదానితో, మేని మళ్ళీ మొదటిదానితో. లక్ష్యాలు ఐదుంటే మాత్రం పన్నెండు ఐదుతో తెగదని ఒక వార్నింగ్ ఇస్తావు. అంటే శేషం మిగిలితే చెబుతావు, అర్థం మిగలకపోతే చెప్పవు.

కాలమ్ పేరు పూర్తిగా చెప్పకపోయినా పోల్చుకుంటావు. డాలర్ గుర్తు పెట్టి ‘ఈల్డ్’ అని అడిగితే, ఆ పేరుతో కాలమ్ లేకపోయినా, ‘ఈల్డ్_అంచనా’ అన్నది ఒక్కటే ఉంటే అదే కావాలి కాబోలని ఇస్తావు. కోత తర్వాత తూచిన దిగుబడి అడిగిన రైతు సర్వే విశ్లేషకుడికి, విత్తనం వేసినప్పటి అంచనా చేతికొస్తుంది. మరుసటి నెల ఎవరో ఆ ఫైలుకు ‘ఈల్డ్_కోత’ అనే కాలమ్ చేరిస్తే, ఇద్దరిలో ఎవరినని తేల్చుకోలేక శూన్యం ఇస్తావు. ఆ శూన్యాన్ని మొత్తం కట్టమంటే సున్నా అంటావు. పంట పోయిందని రిపోర్టు.

ఇక లాటరీ. ఇళ్ళ స్థలాలకు ఒక వార్డులో అర్హులు ముగ్గురు మిగిలారు, వాళ్ళ దరఖాస్తు నంబర్లు 118, 305, 412 అనుకుందాం. ముగ్గురిలో ఒకరిని తీయమంటే న్యాయంగా తీస్తావు. పక్క వార్డులో అర్హుడు ఒక్కడే, నంబరు 412. ఒక్కడిలోంచి ఒక్కణ్ణి తీయమంటే వాడే రావాలి కదా. నువ్వు 412 అన్న అంకెను చూసి, ఒకటి నుంచి నాలుగువందల పన్నెండు దాకా కావాలి కాబోలనుకుని, ఆ మొత్తంలోంచి ఎవరో ఒకరిని తీస్తావు. అర్హత లేదని అంతకుముందే పక్కన పెట్టిన నాలుగువందల పదకొండు నంబర్లకూ మళ్ళీ సమానావకాశం ఇచ్చావు. ఇది నీ సహాయ పుస్తకంలోనే రాసి ఉంది. వాడేవాళ్ళ సౌకర్యం కోసం పెట్టినదనీ, పొడుగు మారే జాబితాలతో అనుకోని ఫలితం రావచ్చనీ నిజాయితీగా ఒప్పుకున్నావు. హెచ్చరిక కూడా పుస్తకంలో ఉంచావు, లాటరీ తీసే చోట ఉంచలేదు.

నీ పుట్టుక తెలిసినవాళ్ళకు ఈ సుగుణాల మూలం తెలుసు. నీకు పెద్దమ్మ లాంటి ఎస్ భాషను 1976లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో జాన్ చాంబర్స్, ఆయన సహచరులు మొదలుపెట్టారు. టెర్మినల్ ముందు కూర్చున్న స్టాటిస్టీషియన్ ఒక ప్రశ్న అడగాలి, జవాబు చూడాలి, నుదురు చిట్లించాలి, ఇంకో ప్రశ్న అడగాలి. ఆ సంభాషణ తెగకుండా ఉండడం ముఖ్యం. చిన్న చిన్న తప్పులకు యంత్రం మొరాయిస్తే ఆలోచన చెదిరిపోతుంది. కాబట్టి పేరు సగం చెప్పినా పోల్చుకో, పొడుగు చాలకపోతే సర్దుకో అని నేర్పారు. అవతల కూర్చున్న మనిషికి తన డేటా కొట్టినపిండి. 9 పాసై 100 తప్పితే ఆయన కుర్చీలోంచి లేస్తాడు. ఆ మనిషి ఉన్నంతకాలం నీ ఉదారత ఉదారతే. ఇప్పుడు ఆ కుర్చీ ఖాళీ. రాత్రి రెండింటికి సర్వర్ తనంతట తానే స్క్రిప్టును నడుపుతుంది. నీ జవాబును ఇంకో స్క్రిప్టు తీసుకుంటుంది, దాని జవాబును డ్యాష్‌బోర్డు తీసుకుంటుంది. ఎదుట కన్నుంటే నీకు అలంకారమైన గుణమే ఇక్కడ జనానికి చేటు చేస్తోంది.

దీనికి ఇంకో కాలాన్ని పక్కన పెట్టి చూడాలనిపిస్తుంది. నీలో మహలనోబిస్ పేరు పెట్టుకున్న ఫంక్షన్ ఉంది. మన స్టాటిస్టీషియన్ పి.సి. మహలనోబిస్ 1936లో ప్రకటించిన కొలత అది. అనేక లక్షణాలను ఒకేసారి లెక్కలోకి తీసుకుని రెండు గుంపులు ఎంత దూరమో చెబుతుంది. నీ ఫంక్షన్ దూరాన్ని ఇవ్వదు, దూరం వర్గాన్ని ఇస్తుంది. దూరం 3 అయితే 9 అంటుంది. శాస్త్రంలో అది డీ-స్క్వేర్‌గానే స్థిరపడింది కాబట్టి, మూలపురుషుడి మీద నీ గౌరవానికి నమస్కరిస్తాను. పేరు చూసి దూరమే అనుకున్నవాడికి రెండింతల దూరం నాలుగింతలుగా కనిపించడం ఆ గౌరవం ఖరీదు. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల ఎం.ఎ. చేసి కలకత్తా వెళ్ళిన సి.ఆర్. రావు, 1946లో కేంబ్రిడ్జికి పిలుపు అందుకుని వెళ్ళింది ఈ కొలతతో పని చేయడానికే. సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వి తీసిన ప్రాచీన మానవుల ఎముకల కొలతలు అక్కడ ఆయన కోసం ఎదురుచూస్తున్నాయి. ఆ కాలపు లెక్కల యంత్రంలో ప్రతి అంకెనూ మనిషే చూసి, వేలితో నొక్కాలి. విరిగిపోయిన పుర్రెకు కొలత లేకపోతే, లేదన్న సంగతి ఆ వేలికి తెలుస్తుంది. ఆ నిదానాన్ని మళ్ళీ తెమ్మని నేను అడగను. ఆ పనిని నువ్వు క్షణంలో చేస్తావు, అది మనుషులకు నువ్వు తిరిగిచ్చిన ఆయుష్షు. వేలు ఆగిన చోట నువ్వు ఆగడం లేదని మాత్రం చెప్పాలి.

ఆగడం నీకు రాదా అంటే వచ్చు. అందుకే నా బాధ ఎక్కువ.

విలువ తెలియని గడికి నువ్వు పెట్టిన గుర్తు ఎన్‌ఏ. దాని విషయంలో నీ వివేకం చూస్తే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. పది ఇళ్ళ ఆదాయాల్లో మూడు తెలియకపోతే, సగటు ఎంత అని అడిగినవాడికి తెలియదు అంటావు. తెలియని ఒక వయసూ తెలియని ఇంకో వయసూ సమానమా అంటే అదీ తెలియదు అంటావు. అదే తెలియని సంఖ్యను సున్నా ఘాతానికి ఎత్తమంటే, అది ఏ సంఖ్య అయినా జవాబు ఒకటే కనుక, ధైర్యంగా 1 అంటావు. ఎంతవరకు తెలుసో అంతవరకే మాట్లాడే ఈ నిగ్రహం నీ తోటివాళ్ళలో కొందరికి లేదు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో క్లినికల్ ఉద్యోగాల కోసం మన పిల్లలు నేర్చుకునే శాస్‌లో, తెలియని విలువ అన్ని సంఖ్యలకన్నా చిన్నది. పద్దెనిమిదేళ్ళ లోపువాళ్ళు ఎవరని అడిగితే వయసు రాయని ముసలివాణ్ణి కూడా పిల్లల్లో కలుపుతుంది. స్టేటా అనే మరో సాఫ్ట్‌వేర్‌లో తెలియని విలువ అన్ని సంఖ్యలకన్నా పెద్దది. యాభైవేలు దాటిన ఆదాయం ఎవరిదని అడిగితే, ఆదాయం చెప్పని కూలీ కూడా ధనవంతుల వరసలో నిలబడతాడు. వయసు తెలియకపోతే ఒకచోట పసివాడు, ఆదాయం తెలియకపోతే ఇంకోచోట షావుకారు. మీ ముగ్గురిలో నువ్వొక్కదానివే తెలియదన్న మాటకు తెలియదన్న విలువ ఇచ్చావు.

ఇంత వివేకం ఉన్నదానివి, మార్కుల షీటులో ‘ఏబీ’ ఎదురైనప్పుడు ఎందుకు నోరు మెదపలేదు? ఆ గడి చెబుతున్నదీ అదే కదా, ఈ పిల్లవాడి మార్కు లేదని. నీ సొంత గుర్తుతో వస్తే శాస్త్రజ్ఞుడి మర్యాద, బడి గుర్తుతో వస్తే తరగతి ఫస్టు.

ఇక ఆ ఒక్క నిగ్రహాన్నీ మేము నిలవనివ్వలేదు, దానికి నువ్వు సహకరించావు. తెలియదు అన్న నీ మాట విసుగనిపించినవాళ్ళ కోసం, ఖాళీలు తీసేసి లెక్క కట్టు అనే మీట నువ్వే ఇచ్చావు. ఎన్‌ఏ.ఆర్‌ఎం అని రాసి ట్రూ అంటే చాలు. మొదటి వారం పాఠాల్లోనే పిల్లలకు అది అలవాటవుతుంది. సగటు తీసినప్పుడల్లా, ఎన్‌ఏ ఉందో లేదో చూడకముందే, ఆ ముక్క చేతివేళ్ళకు అదే వచ్చేస్తుంది. పది ఇళ్ళలో ఏడు ఇళ్ళ సగటు బయటికి వస్తుంది, పదింటి సగటని పట్టికలో చేరుతుంది. ఆదాయం చెప్పని మూడిళ్ళు ఎవరివి? దాచుకోవలసినంత ఉన్నవాడిది ఒకటి కావచ్చు, సర్వే మనిషి వచ్చేసరికి కూలికి వెళ్ళిపోయినవాళ్ళవి రెండు కావచ్చు. ఖాళీ గడులు గాలివాటుగా ఏర్పడవు, వాటికి కారణాలు ఉంటాయి. స్టాటిస్టిక్స్ అనే శాస్త్రంలో సగం ఆ కారణాలను వెతకడమే. ఆ సగాన్ని నాలుగక్షరాల మీటతో దాటించే సౌకర్యం నీ దానాల్లో అన్నిటికన్నా విరివిగా వాడుకలో ఉన్నది.

నువ్వు మారుతున్నావని నాకు తెలుసు. 2022లో 4.2.0తో, షరతు దగ్గర ఒకటికన్నా ఎక్కువ విలువలిస్తే మొదటిదాన్నే చూసి ముందుకెళ్ళే పాత అలవాటు మాని, ఎర్రర్ ఇచ్చి ఆగడం మొదలుపెట్టావు. ఆ మరుసటి ఏడు 4.3.0లో ‘మరియు’, ‘లేదా’ల జంట గుర్తుల దగ్గరా అదే పట్టుదల చూపావు. 2019లో యాదృచ్ఛికంగా తీసే పద్ధతిలో ఉన్న సూక్ష్మమైన పక్షపాతాన్ని సరిదిద్దావు. ప్రతి మార్పుకూ పాత కోడ్ ఎక్కడో ఆగిపోతుందనీ, నిన్ను నడిపే కోర్ బృందానికి అది తేలిక కాదనీ ఎరుగుదును. ఆగిన ప్రతి చోటా ఎవరో ఒకరు తన డేటాను మళ్ళీ తెరిచి చూసి ఉంటారు. నీ మీద నాకు ప్రేమ పెరిగింది ఆ ఎర్రర్ల వల్లనే.

స్తుతించినవాడు వరం అడగడం మన ఆనవాయితీ కనుక ఒకటి అడుగుతాను. రిగ్రెషన్ కట్టినప్పుడు ఖాళీ ఉన్న అడ్డువరసలను మాట్లాడకుండా పక్కకు తీసేస్తావు. సారాంశం చూపించమంటే, గుణకాలన్నీ అయ్యాక, నక్షత్రాల వివరణ అయ్యాక, రెసిడ్యువల్ స్టాండర్డ్ ఎర్రర్ కింద, బ్రాకెట్లలో, విలువలు లేనందువల్ల ఇన్ని వరసలు తీసేశానని ఒక చిన్న వాక్యం రాస్తావు. వెయ్యిమంది రోగుల్లో నాలుగువందల మంది వెళ్ళిపోయినా అంతే చిన్న వాక్యం. గుణకాల పట్టికను కత్తిరించి రిపోర్టులో అతికించేవాళ్ళ కత్తెరకు అది అందదు, కిందే ఉండిపోతుంది. ఆ బ్రాకెట్లు తీసి, ఆ వాక్యాన్ని గుణకాల పైన, మొదటి వరసలో పెట్టు. సగటు తీసినప్పుడు కూడా ఎంతమందిని వదిలేశావో జవాబుతో పాటు చెప్పు, వద్దన్నవాళ్ళు ప్రత్యేకంగా వద్దని రాసుకునేలా చెయ్యి.